జల్లెడబండ మీద బొటనవేలు

ఫిబ్రవరి 3, ఆదివారం

స్కేలు కార్డు ల్యాబ్‌లో మర్చిపోయాను. కెమెరా తెచ్చాను, స్టాండు తెచ్చాను, లెన్సు తుడిచే గుడ్డ కూడా తెచ్చాను. అరచేతిలో పట్టే ఆ నలుపు తెలుపు గళ్ళ అట్టముక్క మాత్రం టేబుల్ మీదే ఉండిపోయింది. అది పక్కన పెట్టకుండా తీసిన రాయి ఫొటో ఎందుకూ పనికిరాదు. చూసేవాళ్ళకి అది కొండో గులకరాయో తెలియదు.

నాన్న వెంట వచ్చాడు. బస్సు గ్యారేజీకి సెలవు. పైగా ఆ రాళ్ళ దగ్గర మనుషులు తిరగరని అమ్మ నన్ను ఒక్కదాన్నీ పంపదు.

"మళ్ళీ ఎప్పుడు తీయచ్చు?" అన్నాడు.

"రెండు వారాలకి. సముద్రం ఇంత వెనక్కి పోయేది మళ్ళీ అప్పుడే."

"అట్టముక్క కోసం రెండు వారాలా? ఏదో ఒకటి పెట్టి కానీ. ఇదిగో." బొటనవేలు తీసుకెళ్ళి బండకి ఆనించాడు.

నవ్వొచ్చింది. కానీ తీశాను.

ఆ బండకి మేం పెట్టుకున్న పేరు జల్లెడబండ. ఉప్పునీరు తొలిచిన గుంటలు, ఒక్కోటి ఒక్కో సైజు, మధ్యలో పల్చటి గోడలు. వాటిని కోసుకుంటూ పై నుంచి కిందకి ఒక తెల్లటి చార. "జల్లెడకి పాపిడి తీసినట్టుంది" అన్నాడు నాన్న. ఆ గుంటలు నాలుగు నెలల్లో ఏమన్నా మారతాయా అన్నదే నా ప్రాజెక్టు. జూన్ నెలాఖరుకి పుస్తకం బైండింగ్ చేయించి ఇవ్వాలి.

ఫొటో చూపించాను. రాయి కంటే నాన్న గోరే ముందు కనిపిస్తోంది. టైర్ల రబ్బరు ఆ గోటి కింద ఎన్నేళ్ళుగా ఉందో, సున్నిపిండికీ సబ్బుకీ లొంగదు.

"ఈ వేలు కాగితం మీద పెట్టిందల్లా ముద్ర కోసమే" అన్నాడు. "ఇప్పుడు ఫొటో కోసం. పుస్తకంలో ఉంటుందా ఇది?"

"మేడం ఒప్పుకుంటే."

"అడుగు మరి."

ఫిబ్రవరి 4

మేడం తిట్టలేదు. కొలత తెలిసిన వస్తువు ఏదైనా ఫరవాలేదట, పెన్ను మూతయినా, నాణెమయినా. "కానీ ఒకసారి మొదలుపెట్టాక మార్చకు. ప్రతిసారీ అదే ఉండాలి" అన్నారు. మా సీనియర్ పక్కనుంచి "మరి నాన్నగారిని ల్యాబ్ సామాన్ల రిజిస్టర్లో ఎక్కించాలి మేడం" అన్నాడు. ఎప్పుడూ సంచిలో సుత్తి వేసుకు తిరుగుతాడు కాబట్టి వాణ్ణి సుత్తి అంటాం. మాట్లాడితే ఇంకా ఎక్కువ అంటాం.

వెర్నియర్ కాలిపర్ తీసుకుని ఇంటికొచ్చి కణుపు కింద వెడల్పు కొలిచాను. ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. మూడుసార్లు కొలిచినా అంతే. స్థిరాంకం అని రాసి కింద గీత గీశాను.

కుట్టుమిషను దగ్గర్నుంచి అమ్మ చూస్తోంది. మెడలో టేపు. "మనిషిని కొలవాలంటే నన్ను అడగచ్చుగా" అంది.

"నీ టేపుకి మిల్లీమీటర్లు తెలియవు అమ్మా."

"నా టేపుకి తెలిసినవి నీకేం తెలుసు" అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి 17, ఆదివారం

నాన్న ఈరోజు మంచి హుషారుగా ఉన్నాడు. దారంతా కబుర్లే.

జల్లెడబండ తొందరగా అయిపోయింది. తర్వాత గులకరాళ్ళు. పొడిగా ఉన్నప్పుడు అన్నీ బూడిద రంగే. నీళ్ళలో ముంచి తీస్తే లోపలివన్నీ పైకి వస్తాయి, ఎర్రటి వలయాలు, ఆకుపచ్చ గీతలు, పొగలాంటి మెలికలు. ఆరేలోపే తీయాలి. ఎండ సూటిగా పడితే రాయి మెరిసి గీత కనపడదు, అందుకని నాన్న తువ్వాలు పందిరిలా పట్టుకుని నిలబడ్డాడు.

నాకు గీతలు కనిపిస్తే నాన్నకి బొమ్మలు కనిపిస్తాయి. "ఇదిగో రాళ్ళ పంతులమ్మా, ఇందులో వాడెవడో బస్సు కోసం పరిగెడుతున్నాడు చూడు." నిజంగానే ఒక మనిషి ఉన్నాడు. చెయ్యి కూడా ఎత్తాడు.

"ఆపలేదా నాన్నా బస్సు?"

"ఆపలేదు. ఆపితే ఇన్నేళ్ళు పరిగెత్తేవాడా?"

ఆ రాయి ఇంటికి తెచ్చుకున్నాను. టేబుల్ మీద ఉంది. ఆరిపోయాక మనిషి కనపడటం లేదు.

మార్చి 3, ఆదివారం

తీయడం అయింది. పదకొండు ఫొటోలు బాగా వచ్చాయి.

నాన్న ఇసుకలో కూర్చుని లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. మోకాళ్ళట. టైర్లు ఎత్తీ ఎత్తీ అందరికీ వచ్చేదే.

గోరు కింద నలుపు బాగా తగ్గింది. ఫొటోకి ఇదే బాగుంది, రాయి మీదికి చూపు పోతుంది. ఏం సబ్బు వాడావు అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

మార్చి 17, ఆదివారం

అన్ని ఫొటోలూ కూర్చుని కొలిచాను. గుంటలు పెరుగుతున్నాయి.

పాపిడి పక్కనున్న పెద్ద గుంట మొదటిసారి ముప్పై ఆరు మిల్లీమీటర్లు. ఇప్పుడు ముప్పై ఎనిమిది దాటింది. ఇదొక్కటే కాదు, అన్నీ. ప్రతి ఆదివారం కొంచెం కొంచెం. ఏళ్ళు పట్టే పని కళ్ళముందు జరుగుతోంది. నేను చూశాను. ఇది నేనే చూశాను.

ముందు నాన్నకే చెప్పాను. ఎలా తెలుస్తుందని అడిగాడు. ఫొటోలో గుంట నీ వేలికి ఎన్ని రెట్లు ఉందో చూస్తాను, నీ వేలు ఇరవై నాలుగని తెలుసు కాబట్టి గుంట ఎంతో వచ్చేస్తుంది అన్నాను. పోయినసారి వేలికి ఇన్ని రెట్లుంది, ఈసారి ఇంకొంచెం ఎక్కువుంది, అంటే గుంట పెరిగింది.

నాన్న చాలాసేపు వేలు చూసుకున్నాడు.

"మంచిదే కదా ఇది? నీకు పేరొస్తుందా?"

"వస్తుందేమో నాన్నా."

"అయితే పెరగనీ" అన్నాడు.

మార్చి 20

మేడం కళ్ళజోడు తీసి పెట్టుకుని మళ్ళీ చూశారు. "ఇంత తొందరగానా? ఇంకో రెండుసార్లు చూద్దాం. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు." ఎవరికీ చెప్పకు అన్నారంటే నమ్మినట్టే కదా. సుత్తి ఈరోజు ఒక్క జోకు కూడా వేయలేదు.

మార్చి 31, ఆదివారం

సముద్రం దగ్గర ఎక్కువసేపు ఉండలేదు. గాలి.

తిరిగొస్తుంటే కూరగాయల కొట్టు దగ్గర స్టెప్నీ మావయ్య కనిపించాడు. నాన్నతో టైర్ల సెక్షన్లో చేస్తాడు, ఎవరు రాకపోతే వాళ్ళ బదులు డ్యూటీ ఎక్కుతాడని ఆ పేరు. నాన్న వెనక ఎక్కడో ఆగాడు, ఊపిరి తీసుకోవడానికి.

"మీ నాన్న ఎలా ఉన్నాడమ్మా? చూసి ఎన్నాళ్ళయిందో."

"రోజూ చూస్తూనే ఉంటారుగా మావయ్యా."

ఆయన సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఆ, అదే, షిఫ్టులు వేరయ్యాయి కదా. అందుకని" అన్నాడు.

షిఫ్టులు వేరయ్యాయన్నమాట. నాన్న చెప్పలేదు.

ఏప్రిల్ 6

అమ్మ నాన్న ప్యాంట్లన్నీ విప్పి మళ్ళీ కుడుతోంది. ఎందుకని అడిగితే "పాతకాలం కుట్టు, వదులు వదులుగా ఉన్నాయి. ఇప్పుడు ఎవరేసుకుంటున్నారు అట్లాంటివి" అంది. నాన్నకి ఈ వయసులో ఫ్యాషను. నవ్వుకున్నాను.

ఏప్రిల్ 14, ఆదివారం

పెద్ద గుంట నలభై ఒకటి.

నాన్న దారిలో నాలుగుచోట్ల కూర్చున్నాడు. నాలుగుచోట్లా అదే అడిగాడు, పుస్తకం ఎప్పుడొస్తుందని. జూన్ ఆఖరికి అన్నాను. "ముందు రాదా?" ముందు ఎలా వస్తుంది నాన్నా, ఇంకా కొలతలు అవలేదు కదా. "నువ్వు తొందరగా కొలిచెయ్యి, రాయి ఎక్కడికీ పోదు కదా" అన్నాడు. మొదటి పేజీలో కృతజ్ఞతలు రాస్తారు, అందులో నువ్వే ముందు అని చెప్పాను. అమ్మని ముందు రాయమన్నాడు.

వేలు బండకి ఆనించినప్పుడు కదులుతోంది. రెండు ఫొటోలు మసకగా వచ్చాయి. "కదలకు నాన్నా" అని కసిరాను.

ఏప్రిల్ 16

మేడం పిలిచారు. ఫొటోలన్నీ ఆవిడ కంప్యూటర్లో ఉన్నాయి.

"గుంటలు కొలిచావు. చార కొలిచావా?"

కొలవలేదు. చార ఎందుకు కొలవాలి, అది మారదు కదా.

"అందుకే కొలవాలి."

అక్కడే కూర్చుని కొలిచాను. మొదటి ఫొటోలో చార వెడల్పు నలభై ఎనిమిది. మొన్నటి ఫొటోలో దాదాపు యాభై అయిదు.

"గుంట పెరిగిందంటే ఉప్పు తినేసిందనుకుందాం" అన్నారు మేడం. "బండ ఎప్పుడు పుట్టిందో అప్పుడు పడ్డ చార అది. ఎలా పెరుగుతుంది?"

ఆవిడ ఫొటోలు వరసగా తిప్పారు, మొదటిది, రెండోది, ఆఖరిదాకా. మళ్ళీ మొదటినుంచి. ఆవిడ బండని చూడటం లేదు. ఎటు చూస్తున్నారో నాకు కనిపిస్తూనే ఉంది.

"మీ నాన్నగారు ఎలా ఉన్నారు?"

"బాగున్నారు మేడం."

"ఒకసారి ఇంటికెళ్ళు అమ్మాయ్" అన్నారు.

లెన్సు దోషం అయి ఉండాలి. అంచుల దగ్గర వంపు వస్తుంది కొన్ని లెన్సులకి.

ఏప్రిల్ 17

గళ్ళ కాగితం గోడకి అంటించి లెన్సు పరీక్షించాను. వంపు లేదు.

ఏప్రిల్ 18

స్టాండు ఎత్తు తేడా కావచ్చు. కానీ వేలూ రాయీ ఒకే దూరంలో ఉన్నాయి. తేడా వస్తే రెండింటికీ రావాలి.

ఏప్రిల్ 19

ల్యాబ్‌కి వెళ్ళలేదు. వెర్నియర్ సంచిలోనే ఉంది.

ఏప్రిల్ 20

మధ్యాహ్నం నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. శనివారం, గ్యారేజీ ఉన్న రోజు. ఎందుకు వెళ్ళలేదని నేను అడగలేదు. అసలు ఎన్ని రోజుల నుంచి అడగలేదో.

వెర్నియర్ తీశాను.

"మళ్ళీ ఏంటి, నేనేమన్నా పెరిగానా?" అని తనే చెయ్యి చాపాడు.

కణుపు కింద పెట్టి దవడలు దగ్గరికి జరిపాను. ఇంకా జరిపాను. అమ్మ మిషను ఆగిపోయింది.

"ఎంత?" అన్నాడు నాన్న.

"ఇరవై నాలుగు."

నాన్న నా మొహంలోకి చూశాడు. "ఇంత చదివించాం, ఒక అబద్ధం సరిగ్గా చెప్పడం రాదు దీనికి" అన్నాడు అమ్మతో.

అమ్మ లేచి వచ్చింది. మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడింది. "నడుము ఆరంగుళాలు తగ్గింది. నీ వేలి లెక్క ఎంత" అంది.

పొట్టలో గడ్డ. ఫిబ్రవరి ఆఖర్లో తెలిసింది. కోసినా లాభం లేదన్నారట. ఆ వారమే గ్యారేజీ మానేశాడు. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాడు కదా. గుడి వరండాలో పడుకునేవాడట. నేను కాలేజీకి వెళ్ళాక ఇంటికొచ్చేవాడట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తావు? సముద్రం మానేసి ఇదిగో ఈ మంచం పక్కన కూర్చుంటావు. నాకది చూడాలని లేదు. పుస్తకం చూడాలని ఉంది."

"ఆ రోజు గుంటలు పెరుగుతున్నాయని చెప్పినప్పుడు నీకు తెలుసా నాన్నా?"

"నాకు రాళ్ళ గురించేం తెలుసు" అన్నాడు. వేలు తడుముకుంటూ, "ఉంగరం జారి పడిపోయింది ఆ వారమే. కొంచెం అనుమానమొచ్చింది. కానీ నువ్వు అంత సంతోషంగా ఉంటే..." అని ఆపేశాడు.

ఇరవై ఒకటి. ఇక్కడన్నా రాయాలి కదా. ఇరవై ఒకటి.

ఆరు ఆదివారాలు ఆ వేలిని లెన్సులోంచి చూశాను. ఫోకస్ మాత్రం రాయి మీద పెట్టాను.

ఏప్రిల్ 22

మేడంకి చెప్పాను. గుంటలు ఏమీ పెరగలేదు మేడం అన్నాను. ఆవిడ కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చున్నారు.

ఏప్రిల్ 28, ఆదివారం

వెళ్ళనన్నాను. నాన్న చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ కూడా "తీసుకెళ్ళు" అంది.

స్టెప్నీ మావయ్య గ్యారేజీ వ్యాను తెచ్చాడు. "పాత బండి, జాగ్రత్తగా ఎక్కించండి" అన్నాడు. "బండికి చెప్తున్నావా, నాకు చెప్తున్నావా" అన్నాడు నాన్న. ఇద్దరూ నవ్వారు. దారంతా గ్యారేజీలో ఎవరు ఏ టైరు తప్పుగా బిగించారో చెప్పుకుంటూనే ఉన్నారు.

రాళ్ళ దాకా దిగలేకపోయాడు. గట్టు మీద, మావయ్య భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. నేను స్టీలు స్కేలు పట్టుకుని దిగాను.

పైనుంచి అరిచాడు, అరిచినా గొంతు సగమే వచ్చింది. "నా ఉద్యోగం దానికిచ్చావా?"

"సెలవులో ఉన్నావు నాన్నా."

"జీతం కోస్తావా?"

"కోయను."

ఎండ నా కళ్ళలో పడుతోంది. వ్యూఫైండర్లో బండ కనపడలేదు. అంచనాగా నొక్కాను.

వెళ్ళేటప్పుడు ఒక గులకరాయి అడిగాడు. తడిపి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏం బొమ్మ ఉంది నాన్నా అంటే, "ఏమీ లేదు, రాయే. బాగుంది" అన్నాడు.

మే 5

పగలంతా టైపు చేస్తున్నాను, నాన్న మంచం పక్కనే. నేనిలా కూర్చోవడం చూడాలని లేదన్నది తనే. అయిన పేజీ అయినట్టు చదివి వినిపిస్తున్నాను. సగం మాటలు నాన్నకి తెలియవు. "ఆ ముక్క మళ్ళీ చదువు" అంటాడు, ఏ ముక్కో కూడా చెప్పడు. ఎక్కడినుంచో ఒక చోటి నుంచి చదువుతాను.

మే 12, ఆదివారం

వెళ్ళలేదు.

మే 15

ముందు పేజీలు నాలుగే ప్రింటు తీయించుకొచ్చాను, రెండు అట్టల మధ్య పెట్టించి. మొదటి ఫొటో కూడా అందులో ఉంది. నాన్న చేతిలో పెట్టాను. బరువుకి చెయ్యి కిందకి పోతే అమ్మ కింద నుంచి పట్టుకుంది. ఫొటో మీద వేలు పెట్టాడు, ఫొటోలో వేలు పక్కన.

"ఎవరిదీ ఇంత లావు వేలు?" అన్నాడు.

మే 19

పొద్దున నాన్న పోయాడు.

మే 20

మే 27

అమ్మ మిషను మీద గుడ్డ కప్పింది. ఎవరిదో పెళ్ళి బట్టలు ఇవ్వాల్సినవి ఉన్నాయట, వాళ్ళే వచ్చి కుట్టకుండానే తీసుకెళ్ళారు.

జూన్ 3

మేడం అన్నారు, గుంటలు మారలేదన్నది కూడా ఫలితమే, అదే రాయమని. అయితే ఫొటోలకి కొలమానం సరిగ్గా ఉండాలి. ఆరుసార్లు తీసిన వాటిలో మొదటిసారి తప్ప దేనికీ లేదు. కావాలంటే ఆ ఫొటోలు వదిలేయమన్నారు. లేదా వేలు దాకా కత్తిరించి, ఒక్క స్టీలు స్కేలు ఫొటోతో సరిపెట్టమన్నారు.

కత్తిరించనన్నాను. గొంతు పెద్దదయినట్టుంది, సుత్తి లేచి బయటికి వెళ్ళిపోయాడు. తర్వాత టీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

దారి ఒకటుంది. చార మారదు. దాని అసలు వెడల్పు తెలిస్తే ప్రతి ఫొటోలోనూ అదే కొలబద్ద అవుతుంది. స్టీలు స్కేలుతో తీసిన ఫొటో మసక. మళ్ళీ వెళ్ళి కొలవాలి.

జూన్ 9, ఆదివారం

అమ్మ వచ్చింది. అమ్మ సముద్రం దాకా రావడం ఇదే మొదటిసారి. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని జాగ్రత్తగా రాళ్ళ మీద అడుగులు వేసింది. జల్లెడబండ ముందు నిలబడి గుంటల్లో ఒక్కోదాంట్లో వేలు పెట్టి చూసింది.

"దీని కోసమా ఇన్నిసార్లు వచ్చారు ఇద్దరూ?"

"అవునమ్మా."

"ఇక్కడ ఏం మాట్లాడేవాడు?"

పాపిడి సంగతి చెప్పాను. బస్సు కోసం పరిగెత్తేవాడి సంగతి చెప్పాను. అమ్మ నవ్వి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తీయలేదు.

నేను స్టాండు పెట్టేసరికి అమ్మ తన బొటనవేలు బండకి ఆనించి ఉంది. సూది పోట్ల గరుకు వేలు. "ఇక్కడేనా పెట్టేది? సరిగ్గా ఉందా?"

"వద్దమ్మా" అన్నాను. "తీసెయ్యి."

"ఏం, నాది బాగోదా?"

"బాగుంటుంది. వద్దు."

అమ్మ నన్ను చూసి వేలు తీసేసింది. స్టీలు స్కేలు పెట్టాను. వెర్నియర్‌తో కూడా కొలిచాను, మూడుచోట్ల.

నలభై ఎనిమిది. మొదటి రోజూ అంతే. బండ ఎక్కడా ఏమీ పెరగలేదు, ఏమీ తరగలేదు.

జూన్ 11

ఫొటోల కింద కొలతలు వేస్తున్నాను. ఇప్పుడు లెక్క తిరగబడింది. ఇదివరకు నాన్నని పెట్టి రాయిని కొలిచాను. ఇప్పుడు రాయిని పెట్టి నాన్నని కొలుస్తున్నాను.

ఫిబ్రవరి 3, బొటనవేలు, ఇరవై నాలుగు. ఫిబ్రవరి 17, ఇరవై మూడున్నర. అప్పటికే. ఆ రోజు ఏం రాశానో వెనక్కి తిప్పి చూశాను. మంచి హుషారుగా ఉన్నాడట.

తర్వాతవి ఒక్కోటి వేసుకుంటూ వచ్చాను. ఏప్రిల్ 14 దగ్గర ఆగాను. ఆ రోజు తీసినవి చాలా ఉన్నాయి, స్పష్టంగా వచ్చినవే పుస్తకంలో పెట్టాలి. మసకగా వచ్చిన రెండింట్లో ఒకటి తీసుకున్నాను. బండ నిలకడగానే ఉంది. కదిలింది వేలొక్కటే. కింద ఇరవై ఒకటి అని వేశాను.

మేడం అడిగితే మంచి ఫొటో లేదని చెప్తాను. ఈసారి అబద్ధం సరిగ్గా చెప్తాను.